సాగనంపే చాప

తల్లి పోయిన ఇల్లు. గడప మీద తమ్ముడు, కింద మెట్టు మీద అక్క.

“అడ్డు లే రా. తుంగ నానింది. చాప మొదలుపెట్టాలి.”

“నీ చెయ్యి పడ్డ చాపలో మా అమ్మని సాగనంపను.”

“మీ అమ్మేనా? నాకేమీ కాదా?”

“ఎందుక్కాదు? నీకు పుస్తకమైంది, ఉద్యోగమైంది, మొన్న పతకమూ అయింది. ఇంకేం కావాలండీ ప్రొఫెసర్ గారూ?”

“మెల్లగా. లోపల అందరూ వింటున్నారు.”

“విననీ. సాగనంపే చాప మీది అల్లికని మన ఆడవాళ్ళు లోపలి వైపుకి పెట్టి ఎందుకు చుడతారు? మోసేవాడి కంట కూడా పడకూడదని. నాన్నని మోసినప్పుడు నేను చూడలేదు. ఎక్కడ చూశాను? నీ పుస్తకం అట్ట మీద.”

“అరవకు రా.”

“పోయిన నెల ఓ హోటల్లో టైల్స్ పని. గుమ్మం ముందు కాలిపట్టా వేశారు. అదే అల్లిక. వచ్చినవాడల్లా బూట్ల బురద తుడుచుకుని పోతున్నాడు. తాపీ అక్కడే పడేసి వచ్చేశా.”

“నాకు చెప్పలేదేం?”

“నీకు ఫోన్ చేస్తే మీటింగు. అమ్మకి చెప్పా. ఏడుస్తుందనుకున్నా. నవ్వింది. మతి తప్పిందనుకున్నా.”

“తప్పలేదు. అది మన అల్లిక కాదు.”

“ఏది కాదు?”

“పుస్తకంలోది. నేను కెమెరా పట్టుకుని కూర్చుంటే అమ్మ తనకి తోచిందేదో అల్లి చూపించింది. అదే అసలుదనుకున్నాను. ఉద్యోగమంతా అదే పాఠం చెప్పాను. దేశాలు తిరిగి అదే చెప్పాను.”

“అమ్మ నీకు అబద్ధం చెప్పిందా?”

“చూపించనంటే బిడ్డ పీహెచ్‌డీ పోతుంది. చూపిస్తే అల్లిక పోతుంది. ఏం చేస్తుంది మరి?”

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“అమ్మ మంచాన పడ్డాక. తనే చెప్పింది. కడుపు మండిపోయింది రా. చాన్నాళ్ళు అమ్మ మొహం చూడలేదు.”

“మాకేమో పని ఒత్తిడని చెప్పావ్. సరే, తప్పని తెలిశాక రాయొచ్చుగా? పరువు పోతుందనా?”

“తప్పని రాస్తే, మరి అసలుదేదమ్మా అని ఇంకొకడు కెమెరాతో అమ్మ మంచం పక్కన చేరతాడు. అందుకే నోరు మూసుకున్నాను. పతకం ఇస్తే మూసుకునే తీసుకున్నాను.”

“అయితే ఇంకేం. పో లోపలికి. అసలుది అల్లు.”

“నాకు రాదు.”

“ఏంటీ?”

“నేర్పమని కాళ్ళు పట్టుకున్నాను. ‘చూసింది రాయకుండా ఉండలేవే నువ్వు’ అంది.”

“అల్లిక వచ్చిన పిన్ని కూడా పోయింది. మరెవరికి వచ్చు? అమ్మ ఉత్త దుప్పట్లో పోవాలా? తుంగ ఎవరి కోసం నానబెట్టించావ్?”

“చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే అమ్మ తుంగ పోచలు ఒకదాని కింద ఒకటి దూర్పించి ఓ ఆట ఆడించేది, గుర్తుందా?”

“ఆటల ముచ్చట్లకి ఇదా వేళ?”

“నాతో ఒక్కసారీ ఆడలేదు. నేను పలక పట్టిన రోజే నన్ను లెక్కలోంచి తీసేసిందట. మగపిల్లాణ్ణైతే అల్లిక గురించి ఏ పుస్తకాల వాడూ అడగడంది.”

“ఆ పోచల ఆటా? దాన్నే నేను టైల్స్‌కి అంచుగా వేస్తా. ఏ ఇంట్లో చేసినా చివర చెయ్యి దానంతటదే అటు పోతుంది. ఈ గడపకీ అదే వేశాను కదక్కా...”

“గడప దాటేటప్పుడు అమ్మ అంత పెద్ద అడుగు ఎందుకు వేసేదో ఎప్పుడైనా అడిగావా?”

“మోకాళ్ళ నొప్పులతో ఆ గంతులేంటే అని తిట్టేవాణ్ణి.”

“కాళ్ళు తియ్యి రా. ఇందాకటి నుంచీ నువ్వు దాని మీదే నిలబడ్డావ్.”