చివరి స్తంభం అవతల

నగరంలో వీధిదీపాలు బిగించే లైన్‌మన్ తన కూతుర్ని స్కూటర్ మీద చివరి కరెంటు స్తంభం దాటించి, పాత రాళ్ల క్వారీ దగ్గర దుప్పటి పరిచి కూర్చోబెట్టాడు. ఆమెకు రేచీకటి ముదురుతోంది. వచ్చే ఏడాదికి రాత్రిళ్లు ఏమీ కనబడదని డాక్టర్ చెప్పేశాడు.

“మన మేడమీంచి ఒక్క చుక్కా కనబడదు నాన్నా. అన్నీ మింగేసింది నువ్వే.”

“నేను పెట్టినవి రోడ్డుకే తల్లీ. మూసేసిన కొట్లకు తెల్లవార్లూ బోర్డులు వెలిగించేవాళ్లను అడుగు.”

“సరేలే, దీపాల మహారాజా. ఇరవై నిమిషాలు చీకట్లో ఉంటేగానీ కళ్లు అలవాటుపడవు. కదలకుండా కూర్చో.”

పావుగంట గడిచింది. పొదల్లో ఏదో కదిలింది. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? ఆయన చెయ్యి టార్చి నొక్కేసింది.

“నాన్నా!”

“పామేమో అనుకున్నానే!”

“నీకంటే పామే నయం. మళ్లీ మొదటి నుంచి ఇరవై నిమిషాలు.”

ఈసారి ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి తలెత్తి చూస్తే ఆకాశం కిక్కిరిసి ఉంది.

“కనబడుతున్నాయా అమ్మా?”

“మూడు. నీకు?”

ఆయన మళ్లీ ఒకసారి పైకి చూశాడు.

“నాకూ మూడే.”

“అబద్ధం. మూడు చుక్కల కోసం ఇంత పెట్రోలు తగలేస్తావా నువ్వు? ఉన్నవన్నీ చెప్పు.”

“ఎన్నని చెప్పనే పిచ్చిదానా, గింజలు ఆరబోసినట్టున్నాయి!”

“అయితే చెయ్యి పట్టుకుని చూపించు. కుడివైపు నుంచి మొదలుపెట్టు.”

ఆయన ఆమె చూపుడువేలు పట్టుకుని పైకెత్తాడు.

“ఇదిగో, ఇక్కడో పెద్దది. పక్కనే దాని చెల్లెలు...”