పదహారు చుట్లు

రేడియో కిట్ల దుకాణం. బల్లకి ఇటు దుకాణదారు. అటు అతని అక్క భర్త, కంటి ఆపరేషన్ల డాక్టరు. మధ్యలో, ఇక్కడే కిట్ కొని ఆయన సొంతంగా బిగించుకున్న హ్యామ్ రేడియో, దూరాల వాళ్ళతో మాట్లాడుకునేది, మూత తీసి ఉంది.

"నెల రోజుల్లో ఐదుసార్లు విప్పి చుట్టానోయ్. ఒక్క గొంతు పలికితే ఒట్టు."

"అన్నీ మొదటిసారికే పలకవు బావా. యాంటెన్నా చూశారా?"

"చూశా. బ్యాటరీ చూశా. టంకాలన్నీ భూతద్దం పెట్టి మరీ చూశా. తేడా ఈ రింగు దగ్గరే. దీనికి తీగ చుట్టడం నాకు చేతకావట్లేదు."

"చుట్లు బాగానే ఉన్నాయిగా."

"బాగుంటే పలకదేం? కిట్‌తో నువ్విచ్చిన కాగితంలో రాసినట్టే, సరిగ్గా పదహారు. లెక్క తప్పలేదు. చెయ్యే తప్పింది."

"చెయ్యి మాట ఎందుకిప్పుడు? ఇది ఇక్కడ వదిలేయండి. బిగించినదే ఒకటి ఇస్తా, పట్టుకెళ్ళండి."

"బిగించినది కావాలంటే నీ కొట్టుకెందుకొస్తాను? మీ అక్క ఏమందో తెలుసా? చొక్కాకి బొత్తాం కుట్టే పని కూడా ఇక నాకివ్వదట."

"అక్క మాటలకేం లెండి..."

"తను నవ్వుతాలుకే అంది. నేనే నవ్వలేకపోయా. ఇదిగో, ఆసుపత్రికి ఉత్తరం. ఇక కత్తి పట్టనని. దారిలో ఇచ్చేసి పోతా."

"ఉత్తరమా! ఆగండి బావా. కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?"

"ఏమోయ్, చెమటలు నీకు పడుతున్నాయేం?"

"అది... పదహారు కాదు బావా."

"ఏది పదహారు కాదు?"

"చుట్లు. ఇరవై ఆరు. ఆ కాగితం టైపు చేసింది నేనే. తప్పు కొట్టాను. మీ చేతులకేం కాలేదు."

"ఏం కాలేదా? ఇంకోసారి చెప్పు."

"ఏం కాలేదు. పదహారే చుడితే ఎవరు చుట్టినా పలకదు."

"అబ్బ, బతికించావు! ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇప్పుడే... అంటే, ఈ మధ్యే."

"ఈ మధ్యంటే?"

"మూడు వారాలైంది. అప్పటికే నలభై కిట్లు వెళ్ళిపోయాయి. చెబితే అందరూ పక్కవీధి కొట్టుకి పోతారని... మీకు మాత్రం ఫోను చేద్దామనే అనుకున్నా. రోజూ అనుకున్నా."

"మూడు వారాలు."

"తిట్టండి బావా. కొట్టినా పడతా."

"పోయిన సోమవారం ఓ లారీ డ్రైవరు వచ్చాడు, కంట్లో ఇనుప ముక్కతో. వెంటనే తీయాలి. నా చేతుల్ని నమ్మలేక వేరే ఊరు పంపేశాను. వాడు వెళ్ళేసరికి ఆ కన్ను పోయింది."