గంట మీద చెయ్యి

ఆసుపత్రి వార్షికోత్సవం జరిగిన సాయంత్రం. ఆ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే తల్లి, అక్కడే ల్యాబ్‌లో ఆరునెలల కిందట చేరిన కూతురు, వాళ్ళ రెండు గదుల ఇల్లు.

"తెలియదని మాత్రం చెప్పకమ్మా. నీకు తెలుసు."

"ఏది తెలుసు?"

"క్విజ్‌లో ఆఖరి ప్రశ్న."

"బోలెడు అడిగారు. ఏది మొదటిదో, ఏది ఆఖరిదో. ముందు ఆ చెప్పులు విప్పు, అన్నం పెడతాను."

"రక్తం మరక పడ్డ గుడ్డని వేడినీళ్ళలో ఎందుకు వెయ్యకూడదు? అదీ ప్రశ్న."

"ఓ, అదా."

"అదే. పంతొమ్మిదేళ్ళుగా లాండ్రీలో చేస్తున్నావు. కొత్తగా ఎవరు చేరినా నువ్వు మొదట నేర్పేది అదే."

"నేర్పుతాను. చన్నీళ్ళు పొయ్యమంటాను, పోస్తారు. ఎందుకని ఎవరడిగారు?"

"నేనడిగాను. తొమ్మిదో తరగతిలో. నా యూనిఫాం తడుపుతూ చెప్పావు, గుడ్డులో తెల్లసొన వేడికి గట్టిపడినట్టే రక్తం కూడా గట్టిపడి దారాన్ని పట్టేసుకుంటుందని. ఇవాళ స్టేజీ మీద నేను చెప్పింది ఆ మాటే. ఒక్క ముక్క మార్చలేదు."

"బాగా చెప్పావు. ప్రశ్నలు చదివిన కంటి డాక్టరుగారు కూడా మెచ్చుకున్నారు."

"నువ్వు గంట మీద చెయ్యి పెట్టావు."

"పెట్టానా?"

"పెట్టి తీసేశావు. నేను చూశాను. నీ పక్కన కూర్చున్న మడతల పిన్ని నిన్ను మోచేత్తో పొడిచింది కూడా."

"దానికి అన్నీ తొందరే. దుప్పట్లు తడారకముందే మడతపెట్టేస్తుంది."

"అమ్మా."

"చెయ్యి తిమ్మిరెక్కింది, తీశాను. గంటలు నొక్కడం నాకేమన్నా అలవాటా?"

"అలవాటు లేకుండానే తొమ్మిదిసార్లు నొక్కావా? ఆక్టోపస్‌కి ఎన్ని గుండెకాయలని ఆయన పూర్తిగా అడక్కముందే మూడన్నావు. కాగితం మొదట తయారుచేసింది చైనావాళ్ళన్నావు. మిరపకాయ మంటకి నీళ్ళు పనికిరావు, పాలు తాగాలన్నావు. మూగ సినిమాలప్పుడు తెర కింద మనుషులే కూర్చుని వాయించేవాళ్ళన్నావు. ఎక్స్‌రే జట్టు, ఆఫీసు జట్టు మధ్యలోనే ఓడిపోయాయి. మిగిలింది మా ల్యాబూ మీ లాండ్రీ. చెరి తొమ్మిది. ఆ ఒక్కటీ చెబితే మీరే గెలిచేవాళ్ళు."

"అవన్నీ నీ క్విజ్ పుస్తకంలోవే కదే. ఆరో తరగతి నుంచి నేను ప్రశ్న చదవడం, నువ్వు జవాబు చెప్పడం. తప్పు చెబితే వెనక పేజీ తిప్పి చూసేదాన్ని. శుక్రుడు ఒక్కటే నీకు ఎప్పుడూ పట్టుబడలేదు. అన్నిటికన్నా వేడి గ్రహం ఏదంటే, సూర్యుడికి దగ్గర కదా అని బుధుడనేదానివి. ఇవాళా అదే అన్నావు."

"అన్నాను. తప్పన్నారు. నువ్వు గంట కొట్టి సరైంది చెప్పావు. అప్పుడే మా సీనియర్ ఒక మాటన్నాడు."

"నేను విననేలేదు."

"మైకు మా ముందే ఉంది. హాలు హాలంతా విన్నారు. సబ్బునీళ్ళలో చదువు కూడా వస్తుందా అన్నాడు."

"సరదాకి అని ఉంటాడులే."

"నేను నవ్వాను."

"అందరూ నవ్వారు."

"అందరి సంగతి కాదు. నేను నవ్వాను. నువ్వు నావైపే చూస్తున్నావు."

"గడియారం చూస్తున్నానే. వార్డుల నుంచి బట్టలు దిగే వేళ."

"అందుకేనా చెయ్యి తీసేశావు? కోపమొచ్చిందని చెప్పు. తిట్టు."

"నవ్వినదానికి తిడతారా ఎవరన్నా? మడతల పిన్ని కూడా పడీ పడీ నవ్వింది."

"పోనీ నన్ను గెలిపిద్దామనా? చిన్నప్పుడు కేరమ్ బోర్డులో కావాలని ఎర్రకాయ నాకు వదిలేసేదానివి, అలాగా? ప్రైజుగా ఇచ్చిన ఆ ఫ్లాస్కు చూస్తుంటే నాకు ఒళ్ళంతా చీదరగా ఉంది. రేపు సూపరింటెండెంటు దగ్గరికెళ్ళి ఇచ్చేస్తాను. ఇది లాండ్రీవాళ్ళదని చెబుతాను."

"ఎందుకు వాళ్ళదీ అంటే?"

"ఆవిడకి జవాబు తెలుసని చెబుతాను."

"ఆవిడకి తెలుసని నీకెలా తెలుసూ అంటే?"

"ఏదో ఒకటి చెబుతాను."

"ఏదో ఒకటి ఏం చెబుతావే? ఆవిడ అంటున్నావు. ఇంట్లో కూడా ఆవిడే."

"నోరు జారిందమ్మా. నేను..."

"తప్పు పట్టడం లేదు. ఆరునెలలైంది. నీకు ముందు గేటు, నాకు వెనక గేటు. నీకో బస్సు, నాకో బస్సు. నోటికి కూడా అలవాటైపోయింది."

"బస్సు సంగతి నువ్వే అన్నావు. నీ డ్యూటీ వేళ వేరని."

"అన్నాను. నువ్వు చెప్పలేక అవస్థపడుతుంటే నేనే అన్నాను."

"ల్యాబ్‌లో నీ గురించి ఏం చెప్పానో కూడా..."

"ఊళ్ళో ఉంటాననేగా. ఉతికిన కోట్లు ఇవ్వడానికి వెళ్తే మీ సీనియరే చెప్పాడు, కొత్తమ్మాయి వాళ్ళమ్మ ఊళ్ళో ఉంటుందట, ఇక్కడ తిండికి ఏం చేస్తుందో ఏమో పాపం అని. మంచివాడే."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? కోట్లు పదకొండు, లెక్క చూసుకోమన్నాను. రా, కూర్చో. అన్నం చల్లారిపోతోంది."

"ఇవాళ ఫ్లాస్కు ఇచ్చేటప్పుడు జరిగింది..."

"అది వదిలెయ్."

"వదలను. గెలిచినవాళ్ళ ఇంటివాళ్ళు కూడా ఫోటోకి పైకి రావాలని కంటి డాక్టరుగారు ఆఖరి ప్రశ్నకి ముందే చెప్పారు. తర్వాత నన్ను మైకులో అడిగారు, మీ ఇంటి నుంచి ఎవరొచ్చారమ్మా అని."

"విన్నాను."

"ఎవరూ రాలేదన్నాను."

"అదీ విన్నాను."

"నువ్వు మూడు కుర్చీల అవతల ఉన్నావమ్మా. నేను తల తిప్పలేదు."

"చప్పట్లు కొట్టాను కదే. వినపడలేదా?"

"వినపడ్డాయి. అందరివీ ఆగిపోయాక కూడా నీవే వినపడ్డాయి. ఎందుకు కొట్టావు? అసలు చెయ్యి ఎందుకు తీశావు? ఇదొక్కటి నిజం చెప్పు."

"తినవే ముందు."

"చెప్పేదాకా ముట్టుకోను."

"నేను గెలిస్తే నన్నూ అదే అడిగేవాళ్ళు కదే. ఎవరూ రాలేదని అనడానికి నాకు నోరు రాదు."