ఏ మేకో చెప్పి వెళ్ళండి

వేదిక మీది అధ్యక్షుల వారికి, ఈ రోజు ఉద్యోగం విరమిస్తున్న మా ముసెంబి ప్రొఫెసరు గారికి, ఆయన కుర్చీలోకి రాబోతున్న డాక్టరమ్మ నఫూలాకి, ఎండన పడి కొండ దిగి వచ్చిన మా సంబురు తెగ పెద్దలకి, వెనక వరసల్లోని చదువుకునే పిల్లలకి నా దండాలు. నా పేరు నాలెపో. చదివింది రెండో తరగతి. తప్పులు దొర్లితే మన్నించండి. బండివాడు మూడింటికే కదులుతానన్నాడు, ఇంటి దగ్గర కోడలు ఒక్కతే ఉంది, కాబట్టి గబగబా చెప్పేస్తాను.

అందరూ ఆయన మంచితనం చెప్పారు. నిజమే. ఆరేళ్ళ కిందట మొదటిసారి మా గుడిసెల దగ్గరికి వచ్చినప్పుడు, మనిషి జబ్బూ, మేక జబ్బూ, వాళ్ళు తాగే నీళ్ళ జబ్బూ ఒకటే సంగతి, విడివిడిగా చూడకూడదు అన్నారు. మాకది కొత్త మాటేం కాదు, మేకలతో పాటే పడుకుని లేచేవాళ్ళం. (నవ్వులు) మా నెత్తురు తీశారు, మేకల నెత్తురు తీశారు, వాగు నీళ్ళు సీసాలకెత్తారు. మేకల చెవులకు నంబర్లున్న పసుపు బిళ్ళలు వేశారు.

ఇక్కడ నా తప్పు ఒకటుంది, ఎవరో అనకముందే నేనే చెబుతాను. మా మేక ఎవరిదో చెప్పేది చెవి కోత. మా ఇంటి కోత ఎడమ చెవి అంచున రెండు గాట్లు. సరిగ్గా ఆ గాట్ల మీదే బిళ్ళ పడింది. పక్క మందలో కలిస్తే మాది కాదంటారేమోనని నాకు బెంగ. వారం తిరక్కుండా అన్నీ కోసి తీసేశాను. మా కోడలు సిలపేయ్ వాటిని పూసల్లో గుచ్చి మెడలో వేసుకుంది. ప్రొఫెసరు గారు చూసి తిట్టలేదు.

"అమ్మా, నీ కోడలిది ఎన్నో నంబరు?" అన్నారు. (నవ్వులు)

నవ్వండి, అప్పుడు నేనూ నవ్వాను. కొత్త బిళ్ళలు మాత్రం ఆయన వెయ్యలేదు.

రెండేళ్ళకు కాగితం వచ్చింది. నలభై ఒకటికీ యాభై ఏడుకీ చూలు నిలవక ఈచుకుపోయే జబ్బుంది, అది మనుషులకూ అంటుతుంది, పాలు కాచుకోండి, మేకల ఈత దగ్గర ఆడవాళ్ళు వట్టి చేతులు పెట్టకండి అని. ఏది నలభై ఒకటి? మా మేకలకు పేర్లున్నాయి, నంబర్లు లేవు. ఆ రెండేళ్ళూ ప్రతి ఈతకీ చేతులు పెట్టి పిల్లను లాగింది సిలపేయే. ఆమెకు రెండు కడుపులు పోయాయి. రెండోది మగపిల్లాడు, గోళ్ళు కూడా వచ్చాయి. నేనే పూడ్చాను.

ఆ నంబర్లతోనే పుస్తకం వచ్చిందట, ఇందాక ఆయనకు పతకం వేసింది దానికేనట. నేనూ చప్పట్లు కొట్టాను. ఎందుకు కొడుతున్నావు వదినా అని మా మరిది అడిగితే, అందరూ కొడుతున్నారు కదా అన్నాను.

పోయిన ఏడు మళ్ళీ వచ్చి నెత్తురు తీసుకెళ్ళారు. ఈసారి బిళ్ళలు కుడి చెవికి వేయించాను. ఒక్కటీ పీకలేదు, రోజూ తడిమి చూసుకుంటున్నాను. పదకొండు నెలలైంది, జవాబు లేదు. మూడుసార్లు ఫోను చేయించాను. సీసాలు చల్లపెట్టెలో భద్రంగా ఉన్నాయి, పరీక్షకు కొత్త అనుమతి రావాలి అన్నారు. ఇందాక టీ దగ్గర డాక్టరమ్మను అడిగాను.

"అది సారు పరిశోధన పెద్దమ్మా, నాది వేరే" అంది. మర్యాదగానే అంది.

సారు వెళ్ళిపోతున్నారు. మరి ఆ సీసాలు ఎవరివి తల్లీ? నెత్తురైతే మాది.

సిలపేయ్‌కి ఇప్పుడు ఏడో నెల. వచ్చే వానకు మేకలు ఈనుతాయి. ఆమెను మందకు దూరం పెట్టాను, పాలు పొంగించే ఇస్తున్నాను, అయినా నా గుండె నిలవదు. ఉన్నది ఒక్క గుడిసె, మేకపిల్లలు ఆమె పక్కనే పడుకుంటాయి. ఏ మేకను ఏరెయ్యాలో తెలిస్తే ఈ సాయంత్రమే ఏరేస్తాను.

పెద్దమనిషిని సాగనంపేటప్పుడు చూడి మేకను తాడుతో సహా చేతికివ్వడం మా ఆచారం. నన్నే ఇవ్వమన్నారు మా పెద్దలు. నేను తేలేదు. చిన్నబుచ్చుకోకండి ప్రొఫెసరు గారూ, మీ ఇంట్లోనూ కోడళ్ళుంటారు. మంచి మేక ఏదో నాకు తెలియదు. తెలియజెప్పే సీసాలు మీ చల్లపెట్టెలో ఉన్నాయి. అవి తెరిచిన రోజు కబురు పెట్టండి, మంచిదాన్ని నేనే మీ గుమ్మం దాకా తోలుకొస్తాను.

ఓపిక పట్టి విన్న మీ అందరికీ, భోజనం పెట్టిన చేతులకీ నా దండాలు. సెలవు.