ఎడమ చెయ్యి ముందు

గురువారం పొద్దున్న, ఏడింటికి పది నిమిషాలు తక్కువ. టైము ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, మన కొట్టు గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది, అది టంగుటంగుమని ఏడు కొడుతుండగా నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాను. ఉండు, మొదటినుంచీ చెప్పకపోతే నీకు తలా తోకా తెలియదు. నువ్వేగా ఇందాక అడిగావు, “నానమ్మా, మా యోగా క్లాసులో అందరూ కుడి చెయ్యి ముందెత్తుతారు, మనింట్లో నాన్నా, అత్తా, నువ్వూ ఎడమ చెయ్యెందుకు ముందెత్తుతారు” అని? ఏం, మీ టీచరు నవ్విందా? నవ్వనీలే. ఆ చాప తలుపుకి అడ్డంగా పరవకు, ఇలా వచ్చి కూర్చో. ఇదంతా మీ తాతమ్మ చలవ. మా అత్తయ్య. నువ్వు చూడలేదు, మీ నాన్నకి కూడా లీలగానే గుర్తు. నేను మాత్రం పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, రెండో దణ్ణం ఆవిడకే పెడతాను.

అప్పట్లో మనకి పైన రెండు గదులు, కింద కుట్టుకొట్టు, కొట్టు వెనక వంటిల్లు, దాని పక్కన బట్టలు పెట్టుకునే చిన్న గది. మామయ్య, అంటే మీ ముత్తాత, కటింగు మాస్టరు. మనిషి వెన్న, నోరు కత్తెర. ఎవరైనా గడప ఎక్కితే మొహం చూసేవారు కాదు, ముందు భుజాలు చూసేవారు. నేను కోడలిగా వచ్చిన రోజు కూడా అంతే, “అమ్మాయి కుడి భుజం కాస్త దిగింది, అటు మెత్త వేసి కుట్టాలి” అన్నారు. నేను ఏడుపు మొహం పెడితే అత్తయ్య నవ్వి, “నన్ను చూసి మెడ పొట్టి అన్నారు, ఇంకా అదే మెడతో బతుకుతున్నాగా” అన్నారు. ఆ మెడే ఆవిడ బాధంతా. మెషీను మీద వంగీ వంగీ మెడ పట్టేసేది, నిద్ర పట్టేది కాదు, చిరాకు వేసేది. ఆవిడ మెషీను కిటికీ పక్కన ఉండేది. ఎదురింటి మేడ మీద పెద్ద హాలు, హాలుకి నిలువెత్తు అద్దాల కిటికీ. అక్కడ ఒక టీచరమ్మ పొద్దున్నే కొంతమందికి ఇదిగో నువ్వు నేర్చుకుంటున్నావే, ఇదే నేర్పేది. గంతులూ గెంతులూ కావు. యోగాసనాలే, కానీ ఒకదాంట్లోంచి ఒకటి జారుకుంటూ వచ్చేవి, నీళ్లలో పట్టుబట్ట వదిలినట్టు. అత్తయ్య చూసి చూసి, ఎవరూ లేనప్పుడు లేచి చెయ్యడం మొదలుపెట్టారు. అడిగి చేరొచ్చుగా అంటావా? సిగ్గమ్మా. పైగా పొద్దున్నే కొట్టు ఊడవాలి, మెషీన్లకి నూనె వెయ్యాలి.

టీచరమ్మ కిటికీకేసి తిరిగి నిలబడేది. ఆవిడ కుడి చెయ్యెత్తితే మనకి ఎటు పక్క కనబడుతుంది? ఎడమ పక్కనేగా? అత్తయ్య అటు చెయ్యే ఎత్తారు. అలా మొత్తం అటుదిటు అయిపోయింది, పాపం ఆవిడకి తెలియదు. మాటలు కూడా వినబడవు, మధ్యలో రోడ్డు, రెండు అద్దాలు. అందుకని పేర్లు ఆవిడే పెట్టుకున్నారు. చెయ్యి పైకెత్తడం ‘దారం లాగడం’. నడుము వంచడం ‘బట్టల తాను మడవడం’. నిలబడి కళ్లు మూసుకోవడం ‘ఇస్త్రీ’. నవ్వకు. ఊపిరి సంగతి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు అందరం ఊపిరి బిగబడతాం, అప్పుడే చెయ్యి వణుకుతుంది, మెల్లగా వదిలితే దారం దూరుతుంది. దాన్నిబట్టి పట్టుకున్నారు. మామయ్య ఊరుకుంటారా! “ఏమేవ్, ఈగలు తోలుతున్నావా?” అనేవారు. నాతో, “మీ అత్త ఎగిరిపోయేట్టుంది, కాలికో దారం కట్టమ్మా” అనేవారు. ఆవిడ దారం లాగుతూనే ఉండేవారు. మెడ నొప్పి తగ్గింది, విసుక్కోవడం తగ్గింది. ఒకసారి నాతో మెల్లగా, “చెయ్యి లేస్తున్నంతసేపూ నాకు రేపటి కుట్లు గుర్తు రావే. దేవుడి ముందు కూర్చున్నా ఇంత నిలకడ రాదు. ఆయన ఏమీ అనుకోడు కదూ?” అన్నారు.

అలా ఉండగా మామయ్య ఒకరోజు కోటు బట్ట కోస్తూ కోస్తూ ఆగిపోయారు. కత్తెర అలాగే బట్టలో ఉండిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట కూడా ముద్దముద్దగా అయింది. ఆసుపత్రి నుంచి తెచ్చాక మెట్లెక్కలేరని వెనక చిన్న గదిలోనే మంచం వేశాం. తలుపు తీస్తే మంచం మీంచి కొట్లో నిలువుటద్దం కనబడేది. డాక్టర్లు ఏమన్నారంటే, ఈ మొదటి నెలలే ముఖ్యం, ఇప్పుడు కదిలిస్తే వచ్చినంత వస్తుంది, లేకపోతే చెయ్యి ఇలాగే బిగుసుకుపోతుంది అన్నారు. కసరత్తు చేయించడానికి ఒకాయన వచ్చేవాడు, మంచి అబ్బాయి, రబ్బరు బంతి తెచ్చి పిసకమనేవాడు. మన కొట్లో కాజాలు కుట్టే పిన్ని అతనికి బంతి డాక్టరు అని పేరు పెట్టింది. మామయ్య ఒకటే మాట, “నేను... పిల్లాణ్ణా?” ఎడమ చేత్తో బంతి విసిరేస్తే అది దొర్లుకుంటూ మెషీన్ల కిందికి పోయేది, పిన్ని చీపురుతో తీసేది. తాత, అదే మీ తాత, బతిమాలారు, కోప్పడ్డారు, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఊహూఁ. మొహం గోడకి తిప్పేసుకునేవారు. మెడలో ఎప్పుడూ ఉండే టేపు మేకుకి వేలాడుతుండేది, దాన్ని చూడ్డానికి కూడా ఇష్టపడేవారు కాదు. ఇంట్లో అందరం మునివేళ్ల మీద నడిచినట్టుండేది.

అత్తయ్య మాత్రం ఒక్కసారి కూడా చెయ్యమనలేదు. తలుపు బార్లా తీసిపెట్టి, ఆ నిలువుటద్దం ముందు, ఆయనకి వీపు పెట్టి, తన పని తను చేసుకునేవారు. దారం లాగడం, తాను మడవడం. ఎడమ చెయ్యి పైకి, కిందికి, తర్వాత ఆ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రెండూ కలిపి పైకి. మామయ్యకి అద్దంలో కనబడక తప్పేది కాదు. గోడకేసి తిరుగుతారు, మళ్లీ ఇటు తిరుగుతారు. కొన్నాళ్లయ్యాక ఆ గురువారం వచ్చింది. ఆ పొద్దున్న అత్తయ్య ఎడమ భుజం ఎగేసి, కుడి భుజం వదిలేసి, వంకరటింకరగా చేస్తున్నారు. కావాలని చేశారా, ఒళ్లు బాగాలేక చేశారా, నేను ఎన్నిసార్లడిగినా చెప్పలేదు, నవ్వేసేవారు. మంచం మీంచి వినబడింది, “భు... భుజం!” ఆవిడ తిరగలేదు. “భుజం దించు! ఏమిటా... గీత?” ఆవిడ ఇంకాస్త వంకర. “ఇంతేనండీ, నాకు ఇలాగే వస్తుంది,” అన్నారు. ఆ మనిషి వంకర గీత చూస్తూ పడుకోగలరా! పట్టుకోడానికి పక్కన ఎవరైనా ఉన్నారా లేరా అని కూడా చూడలేదట, మోచెయ్యి ఊతగా లేచి కూర్చుని, ఎడమ చెయ్యి నిటారుగా ఎత్తారు, “ఇలా!” అని. దించి, ఆ చేత్తోనే కుడి మణికట్టు పట్టుకుని రెండూ కలిపి ఎత్తారు. “ఇలా!” గడియారం ఏడు కొట్టింది, ఆ కేకలకి నేను పరిగెత్తుకొచ్చేసరికి ఆయన రెండు చేతులూ తల పైన ఉన్నాయి, అద్దంలో అత్తయ్యవి కూడా. ఇద్దరూ దించలేదు. అత్తయ్య, “ఊపిరి వదలండి,” అన్నారు, అంతే. ఆయన వదిలారు. అప్పుడు ఏడ్చారు, నేను చూడనట్టు వంటింట్లోకి వచ్చేశాను.

అదే నేను చెప్పేది. కుడి చెయ్యి ముందు అని ఉంటే, కదలని చెయ్యితో మొదలుపెట్టాలని తెలిసి ఆయన మళ్లీ గోడకేసి తిరిగేవారే. ఆ మధ్యాహ్నం ఎదురింటి టీచరమ్మ కుట్టడానికిచ్చిన బట్ట అడగడానికి వచ్చింది, సంగతి విని అత్తయ్యని ఒకసారి చేసి చూపించమంది. అత్తయ్య సిగ్గుతో చచ్చిపోతూ చేశారు. ఆవిడ చాలా మర్యాదగా, “అమ్మా, ఊపిరి ఎంత బాగా పట్టారు! కానీ కుడి ఎడమలు తారుమారయ్యాయి. మీరు రండి, నేను సరిచేస్తాను,” అంది. లోపల్నించి మామయ్య, “వద్దు! మా కొట్లో... కొలత ఇదే!” టీచరమ్మ లోపలికి తొంగిచూసింది. ఆయన కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమ చేత్తో నిమురుతున్నారు. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. “అవునండీ, మీ కొట్లో ఇదే సరైన కొలత,” అంది. ఆ తర్వాత ఎన్నిసార్లొచ్చి నడుముకీ కాలికీ ఎన్ని నేర్పిందో, అన్నీ ఎడమతోనే మొదలుపెట్టి నేర్పింది, ఆ తల్లి చల్లగా ఉండాలి. బంతి డాక్టరు కూడా మళ్లీ వచ్చాడు, అతని బంతికి కూడా మర్యాద దొరికింది. కత్తెర మాత్రం మామయ్య మళ్లీ పట్టలేదు, ఉన్నమాట చెప్పాలి. ఎడమ చేత్తో సుద్దగీత గీస్తే అత్తయ్య కోసేవారు. కర్ర పట్టుకుని నడిచారు. మీ నాన్నని ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. అంతకంటే ఏం కావాలి.

ఆ గురువారానికి మర్నాడా? మర్నాడు పొద్దున్న కొట్టు షట్టరు ఎత్తకముందే అత్తయ్య కుర్చీ తెచ్చి అద్దం ముందు వేశారు. తాతా నేనూ చెరోపక్కా పట్టుకుని మామయ్యని కూర్చోబెట్టాం. వెనక తాత, పిన్ని, నేను, చివర అత్తయ్య. అందరం ఎడమ చెయ్యి ఎత్తాం. మామయ్య అద్దంలోంచి తాతని చూసి, “భుజం దించరా... హ్యాంగరు మింగావా?” పిన్నికి నవ్వాగలేదు, “నీ నోరా... కాజానా? మూయి!” అని ఆవిడకి ఇంకోటి. అన్ని వారాలకి ఇంట్లో తిట్లు వినబడ్డాయి, నా ప్రాణానికి అవి స్తోత్రాల్లా ఉన్నాయి. అయ్యాక తాత షట్టరు ఎత్తారు, వెలుతురు వచ్చింది. అత్తయ్య మేకుకున్న టేపు తీసి, దుమ్ము దులిపి, ఆయన ముందు నిలబడ్డారు. ఆయనే తల వంచారు, మెడలో వెయ్యమని...

పొయ్యి మీద పాలున్నాయి, పొంగుతున్నాయేమో చూడమ్మా.