అక్క వేలు

గిద్దలూరు స్టేషన్ రోడ్డులో ఒక ఇంటర్నెట్ దుకాణం. నర్సు పరీక్షకు హాల్‌టికెట్ తీసుకోవడానికి వచ్చిన అమ్మాయి, దుకాణం యజమానితో మాట్లాడుతోంది.

"ఏందన్నా, సైట్ తెరుచుకోలేదా?"

"పాస్‌కీ అడుగుతాంది చెల్లెమ్మా. ఈ కంప్యూటర్‌లో విండోస్ పాతది, బ్రౌజరూ పాతదే. పాస్‌కీ అంటే ఏందో దీనికి తెలీదు."

"పాస్‌వర్డ్ కొడితే?"

"నువ్వు పాస్‌వర్డే పెట్టుకోలేదు గదా. అప్లికేషన్ ఏ ఫోన్‌లో పెట్టినావు?"

"మా అక్క ఫోన్‌లో. అప్పుడు నా ఫోన్ పగిలిపోయింది."

"అయితే పాస్‌కీ, అంటే వేలిముద్రతో తెరిచే తాళం, ఆ ఫోన్‌లోనే ఉంది. మీ అక్క వేలు పెడితే ఆడే తెరుచుకుంటాది. హాల్‌టికెట్ నాకు పంపిస్తే ప్రింట్ తీసిస్తా."

"వేరే దారి లేదా?"

"లేదు. ఏం, అక్క ఊళ్లో లేదా?"

"ఉంది. మా ఇద్దరికీ మాటల్లేవు. నా పెళ్లి సంగతిలో వేలు పెట్టొద్దని చర్చి ముందర అందరూ వింటుండంగా అరిచినా."

"పరీక్ష ఎప్పుడు?"

"రేపే."

"అయితే ఫోన్ చెయ్యి. తిట్టినా నీ అక్కే గదా తిట్టేది."

ఆమె నంబరు నొక్కింది.

"అక్కా, నేనే. ఫోన్ పెట్టేయొద్దు. నా సంగతిలో నువ్వు ఒక్కసారి వేలు పెట్టాలక్కా."