హారన్‌కు జరగని మనిషి

నా పేరు బొల్లం వెంకట్రాజం. తండ్రి పేరు నర్సయ్య. వయసు యాభై నాలుగేళ్లు. ఇరవై రెండేళ్లు బస్సు నడిపాను. మోకాలు పాడయ్యాక స్టీరింగు వదిలేసి, తొమ్మిదేళ్లుగా ప్రైవేటు బస్సు డ్రైవర్ల సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. కరపత్రాలు రాస్తాను. హనుమకొండ కుమార్‌పల్లిలో అద్దె ఇంట్లో ఉంటాను. 2025 డిసెంబరు 9, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలకు హనుమకొండ కోర్టులో మేజిస్ట్రేట్ గారి ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను. రమ్మని నన్ను ఎవరూ బెదిరించలేదు. రావద్దని బెదిరించినవాళ్లు ఉన్నారు. వాళ్ల సంగతి కూడా చెబుతాను.

నవంబరు 20న పోలీసు స్టేషన్‌లో ఒకసారి చెప్పాను. నేను రెండు గంటలు చెబితే వాళ్లు ఒక పేజీ రాసుకున్నారు. ఆ పేజీలో డ్రైవర్ ఎల్లస్వామి నాకు ఆరేళ్లుగా తెలుసు, తాగుడు అలవాటు లేదు అన్నంతవరకే ఉంది. మిగతాది ఏదని అడిగితే ఎస్సై గారు, "అదంత కంప్యూటర్ ముచ్చట పెద్దమనిషీ. యాక్సిడెంట్ కేసుల అది ఎందుకు?" అన్నారు. ఈ కేసుకు మూలం ఆ కంప్యూటరే. అందుకే దరఖాస్తు పెట్టుకుని ఇక్కడికి వచ్చాను.

ఎల్లస్వామి వయసు ముప్పై ఒకటి. ఒక ఫ్యాక్టరీ పనివాళ్లను ఊళ్ల నుంచి తెచ్చి దింపే బస్సు నడుపుతాడు. ఆ బస్సులు ఫ్యాక్టరీవి కావు, ఒక కాంట్రాక్టు కంపెనీవి. గత జూన్‌లో కంపెనీ ఒక నోటీసు అంటించింది. ఇక్కడి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో బస్సు నడపడం నేర్పే బొమ్మ యంత్రం, అంటే సిమ్యులేటర్, పెట్టారని, అందులో పరీక్ష పాసైన డ్రైవర్లే పనిలో ఉంటారని దాని సారాంశం. మన రోడ్ల మీద డ్రైవర్లు ఎలా నడుపుతారో పరిశోధించడం కాలేజీకి కావాలి. మా డ్రైవర్లకు శిక్షణ ఇప్పించామన్న కాగితం కంపెనీకి కావాలి. మా డ్రైవర్లకు ఏం కావాలో ఎవరూ అడగలేదు. ప్రయోగానికి వాడే ఎలుకలకైనా గింజలు వేస్తారు. జరిగింది మాత్రమే చెప్పమని మేజిస్ట్రేట్ గారు అంటున్నారు. సరే, జరిగిందే చెబుతాను.

ఆ గది రెండో అంతస్తులో ఉంది. నిజమైన బస్సు సీటు, స్టీరింగు, గేరు, మూడు పెడళ్లు ఉన్నాయి. కళ్లకు ఒక పెట్టె లాంటిది తగిలిస్తారు. తగిలించగానే గది పోయి రోడ్డు వస్తుంది. ఆత్మకూరు రోడ్డు. తల ఎటు తిప్పితే అటు చెట్లు, పాన్ డబ్బా, టీ కొట్టు. గది బయట చెప్పులు విడవాలి కాబట్టి మా వాళ్లు వట్టి కాళ్లతో బ్రేకు తొక్కేవారు. ఆ రోడ్డునంతా తయారుచేసింది అనూష అనే పరిశోధక విద్యార్థిని. జనవరి నుంచి మార్చి దాకా కారు అద్దానికి కెమెరా కట్టుకుని ఈ చుట్టుపక్కల తిరిగింది. పనిమంతురాలు. నేను ఆమెను తప్పుపట్టడం లేదు. ఆమె ప్రొఫెసర్ డాక్టర్ మల్లికార్జున్ గారు.

ఆగస్టు 4న మా వాళ్లు పద్దెనిమిది మంది వెళ్లారు. కళ్ల పెట్టెతో తల తిరిగి ఏడుగురు కక్కారు. పదకొండు మంది ఫెయిలయ్యారు. ఎందుకు ఫెయిలయ్యారో వివరంగా చెప్పాలి. ఆ బొమ్మరోడ్డు మీద మనుషులు అడ్డం వస్తుంటారు. హారన్ కొడితే పక్కకు జరుగుతారు. కానీ ఇరవై మందిలో ఒకరు జరగరు. ఆ ఒకరు ఎవరో ముందు తెలియదు. అప్పుడు డ్రైవరు ముందే వేగం తగ్గించి ఉండాలి. మా వాళ్లకు హారన్ మీద ఉన్న నమ్మకం బ్రేకు మీద లేదు. నేనూ ఇరవై రెండేళ్లు అలాగే నడిపాను.

ఆ రోజు ఎల్లస్వామి ఒక ఆడమనిషిని గుద్దాడు. బొమ్మ ఆడమనిషిని. వాళ్ల దగ్గర ఒకటే బొమ్మ ఉండడం వల్ల ఆ రోడ్డు మీద ఆడవాళ్లందరికీ ఒకటే ఆకుపచ్చ చీర. ఎల్లస్వామి కళ్ల పెట్టె తీసేసి కింద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. తర్వాత అనూషను, "అమ్మా, ఆమెకు ఏమయింది?" అని అడిగాడు. గదిలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

పదకొండు మందికి పని పోతుందని కంపెనీ చెప్పింది. సంఘం సమావేశం పెట్టాను. వినతిపత్రం నేనే రాశాను. ఆగస్టు 22, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు గంటలకు దాన్ని పట్టుకుని ప్రొఫెసర్ గారి గదికి వెళ్లాను. సంఘం అధ్యక్షుడు రాజమౌళి నాతో ఉన్నాడు. అనూష కూడా అక్కడే ఉంది. గుద్దించే పరీక్ష పెట్టి కష్టజీవులను హంతకులుగా చూపిస్తున్నారని, ఏసీ గదిలో కూర్చున్నవాళ్లు రోడ్డు మీద బతికేవాళ్లకు మార్కులు వేయడం ఏమిటని గట్టిగా మాట్లాడాను. హారన్‌కు జరగని మనుషులను ఆ రోడ్డు మీద నుంచి తీసేయాలని అడిగాను. వినతిపత్రంలో నాలుగో అంశం అదే. ఆ గదిలో జరిగిన మాటలు నాకు గుర్తున్నాయి.

అనూష, "అంకుల్, జరగనోళ్లు గూడ ఉంటరు. నా వీడియోలల్ల ఉన్నరు" అంది.

"ఎంతమంది?"

"ఇరవై మందిల ఒక్కరు."

"ఆ ఒక్కరి కోసం మా పదకొండు మంది రోడ్డున పడాల్నా బిడ్డా?"

ఆమె నాకు ఇంకో మాట చెప్పింది. మూడు నెలలు ఆగండి, వడ్లు రోడ్డు మీదికి వచ్చే నవంబరులో ఇంకోసారి వీడియో తీస్తాను, మీ డ్రైవర్లకు బ్రేకు అలవాటు చేస్తాను, అందరూ పాసయ్యే పూచీ నాది అంది. కంపెనీ మూడు నెలలు ఆగదని నేను అన్నాను. సెప్టెంబరు నెలాఖరుకు రిపోర్టు పోవాలని ప్రొఫెసర్ గారు అన్నారు. ఆయనా నేనూ ఏకమైంది అక్కడే. జరగని మనుషులను తీసేయడానికి పది నిమిషాల్లో ఒప్పుకున్నారు. బయటికి వచ్చాక రాజమౌళి నా భుజం తట్టి, "ప్రొఫెసర్‌కు నువ్వే పాఠం చెప్తివి కదనే" అన్నాడు. గెలిచామని కరపత్రం రాసి ఐదు వందల కాపీలు పంచాను. మన రోడ్డును మనం సాధించుకున్నాం అని దానికి హెడ్డింగు పెట్టాను.

సెప్టెంబరు 1 నుంచి ఆ రోడ్డు మీద హారన్ కొడితే అందరూ జరిగారు. ఒక్కొక్కరు పన్నెండు గంటలు సాధన చేశారు. గట్టిగా బ్రేకు తొక్కితే మార్కులు తగ్గుతాయి, హారన్ కొట్టి సాఫీగా పోతే తగ్గవు. ఆ నియమాన్ని వాళ్లూ మార్చలేదు, నేనూ అడగలేదు. ఒక్కో డ్రైవరు ఆ పన్నెండు గంటల్లో తొమ్మిది వందల దాకా హారన్ కొట్టి ఉంటాడని అనూష తర్వాత లెక్కతీసి చెప్పింది. తొమ్మిది వందల సార్లూ మనిషి జరిగాడు. పద్దెనిమిది మందీ పాసయ్యారు. ఎల్లస్వామికి తొంభై ఆరు మార్కులు వచ్చాయి. అందరికంటే ఎక్కువ అతనికే.

నవంబరు 18, మంగళవారం. మధ్యాహ్నం రెండు గంటల నలభై ఏడు నిమిషాలకు ఎల్లస్వామి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, హారన్ కొట్టిన. మూడు సార్లు కొట్టిన. జరగలే" అన్నాడు. ఎవరు జరగలేదని అడిగాను. మళ్లీ అదే చెప్పాడు. హారన్ కొట్టిన, జరగలే. నేను ఆటో మాట్లాడుకుని మూడు గంటల ముప్పై ఐదు నిమిషాలకు అక్కడికి చేరాను. ఆత్మకూరు దాటాక లోపలి ఊళ్లకు చీలే రోడ్డు అది. ఆ బొమ్మరోడ్డులో ఉన్న రోడ్డే. టీ కొట్టు ఉంది. పాన్ డబ్బా ఉంది. బొమ్మలో లేనివి వడ్లు.

వడ్లు రోడ్డు మీద ఎందుకున్నాయో కూడా రాసుకోవాలని కోరుతున్నాను. కొనుగోలు కేంద్రంలో తేమ పదిహేడు శాతం దాటిందని ఆ ఊరి వడ్లు తొమ్మిది రోజులు తూకం వేయలేదు. ఆరబోసుకునే జాగా లేదు. రోడ్డులో సగం వడ్లు పోసి, అంచు పొడవునా రాళ్లు పెట్టారు. ప్రతి ఏడాదీ పెడతారు. చట్టవిరుద్ధమని అందరూ అంటారు. జాగా చూపించినవాడు ఒక్కడూ లేడు. ఇది కూడా కేసుకు అవసరం లేదంటే తీసేయండి.

చనిపోయినావిడ పేరు సమ్మమ్మ. వయసు అరవై ఒకటి. ఎకరం పది గుంటలు కౌలుకు చేసింది. చెప్పులు అంచున విడిచి, వడ్లలో నడుస్తూ కాళ్లతో తిరగేస్తోంది. నీలం చీర. ఎదురుగా లారీ వస్తున్నందువల్ల ఎల్లస్వామి అవతలి వైపుకు తిప్పలేకపోయాడు. హారన్ కొట్టాడు. బస్సులో ఉన్న పద్నాలుగు మందీ మూడు హారన్లు విన్నారు. బ్రేకు పడింది మూడో హారన్ తర్వాత. టైర్ల గుర్తు వడ్ల మీద పదకొండు అడుగులే ఉంది. నేనే అడుగులు వేసి కొలిచాను.

ఆమె కోడలు రమ అక్కడే ఉంది. రోడ్డు ఖాళీ చేయమని పోలీసులు తొందరపెడుతుంటే వడ్లు ఎత్తుతోంది. కొన్ని వడ్లను వేరే సంచిలోకి ఎత్తింది. ఎందుకు వేరుగా ఎత్తుతోందో చూసి నేను పక్కకు తిరిగాను. ముసలామెకు చెవులు వినబడవా అని ఒక కానిస్టేబుల్ అడిగాడు.

రమ, "అత్తకు మంచిగనే వినవడ్తది సారూ" అంది. "రాళ్లు పెట్టినంక బండ్లే పక్కకు పోతయి. ఇరవై ఏండ్ల సంది బండ్లే పోతున్నయి. అందుకే నిలవడ్డది."

ఎల్లస్వామి తప్పు లేదని నేను చెప్పడం లేదు. బ్రేకు అతని కాలి కిందే ఉంది. కానీ ఆ కాలికి పన్నెండు గంటలు ఏం నేర్పారో రాయకుండా అతని ఒక్కడి పేరు రాస్తే ఆ రాత అబద్ధం. కంపెనీ అతన్ని పనిలోంచి తీసేసి, తొంభై ఆరు మార్కుల కాగితం పోలీసులకు ఇచ్చింది. ఇంత బాగా శిక్షణ ఇప్పించాం గనుక తప్పు డ్రైవరుదే అని దాని అర్థం. ఆ కాగితంతోనే ఎల్లస్వామిని జైలుకు పంపుతారు. జరగని మనుషులను తీసేసిన సంగతి ఆ కాగితంలో లేదు. ప్రొఫెసర్ గారి రిపోర్టులోనూ లేదట. నవంబరు 27న కాలేజీకి వెళ్లి ఆయన్ని అడిగాను. ఆయన గొంతు పెంచలేదు. "వెంకట్రాజం గారూ, మీ వినతిపత్రం మా ఫైల్లో భద్రంగా ఉంది" అన్నారు. నాకు అర్థమైంది.

డిసెంబరు 6న సంఘం కమిటీ కూర్చుంది. డ్యూటీ గంటలు ఎక్కువై ప్రమాదం జరిగిందని మాత్రమే చెప్పాలని, యంత్రం సంగతి ఎత్తవద్దని తీర్మానం చేసింది. ఎత్తితే ఆ మనుషులను మళ్లీ పెడతారు, మన వాళ్లు మళ్లీ ఫెయిలవుతారు అన్నారు. రాజమౌళి అందరి ముందు నన్ను, "ఒక్కని కోసం పదిహేడు మందిని ముంచుతవా?" అని అడిగాడు. ఈ లెక్క అతనికి నేర్పింది నేనే. చెబితే సంఘంలో ఉండవని చెప్పారు. చెబుతున్నాను.

నిన్న సాయంత్రం ఐదు గంటలకు బెయిలు మీద ఉన్న ఎల్లస్వామి ఇంటికి వెళ్లాను. నేను చెప్పబోయేదంతా అతనికి చెప్పాను. నాలుగో అంశం నేను రాసిందేనని అప్పటిదాకా అతనికి తెలియదు.

అతను, "నువ్వు చెప్తే నా శిక్ష తగ్గుతదా అన్నా?" అని అడిగాడు.

"తెల్వది తమ్మీ."

"తగ్గకున్నా చెప్పు. నేను బ్రేకు ఎందుకు తొక్కలేదో నాకు సుత తెల్వాలె."

తర్వాత నాకు ఎదురుగా కూర్చోకుండా లేచి లోపలికి పోయాడు. టీ తాగి పొమ్మని అతని భార్య అంది. తాగలేదు.

ఆగస్టు 22 నాటి వినతిపత్రం నకలు దీనితో జతచేస్తున్నాను. కింద పంతొమ్మిది సంతకాలు, ఆరో సంతకం ఎల్లస్వామిది. చదవకుండా పెట్టాడు. నేను రాశానంటే మా వాళ్లు చదవరు. మొదటి సంతకం నాది. అనూష తన పాత వీడియోలు, పాత పరీక్ష ఫలితాలు కోర్టు అడిగితే ఇస్తానని చెప్పింది. అడగమని కోరుతున్నాను. ఆ యంత్రం ఈ రోజు కూడా నడుస్తోంది. వేరే కంపెనీ డ్రైవర్లు ఇరవై నలుగురు ఈ వారం సాధన చేస్తున్నారు. దాన్ని ఆపించమని అడిగాను. వాంగ్మూలం నమోదు చేసేటప్పుడు అలాంటి ఉత్తర్వు ఇవ్వడం కుదరదని మేజిస్ట్రేట్ గారు చెప్పారు. నేను అడిగినట్టు, కుదరదని ఆయన చెప్పినట్టు రెండూ రాయమన్నాను. రాశారు.

పైన ఉన్నదంతా నాకు చదివి వినిపించారు. కంపెనీ వాళ్లను తిట్టిన రెండు మాటలు తీసేద్దామంటే సరేనన్నాను. వినతిపత్రం గురించిన భాగం రేపు నా మీదికే రావచ్చని, అది చెప్పాల్సిన నిర్బంధం నాకు లేదని మేజిస్ట్రేట్ గారు రెండోసారి హెచ్చరించి, ఉంచాలా, తీసేయాలా అని అడిగారు. ఆలోచించుకోవడానికి పది నిమిషాలు ఇచ్చారు. పది నిమిషాలూ వరండాలో నిలబడ్డాను. ఉంచమన్నాను. ఇందులో నేను చూసింది, విన్నది, చేసింది తప్ప ఊహించింది లేదు. ఒప్పుకుని సంతకం పెడుతున్నాను.

(సంతకం)
బొల్లం వెంకట్రాజం
హనుమకొండ, 9-12-2025, మధ్యాహ్నం 12.50